మొసలి తలకాయ

“చెల్లే, నీ రాక్షసుని తలకాయ నా దగ్గర పైలంగ ఉన్నది. పొద్దుగాలనే దోహాల దిగిన,” అన్నాడు లియాఖత్ అలీ ఫోన్లో.

శోభ చేతిలోని గరిటె అలాగే ఆగిపోయింది. పప్పు మాడుతున్న వాసన కూడా ఆ క్షణాన కమ్మగానే ఉంది.

“నలగలేదు గదా అన్నా?”

“ప్లాస్టిక్ పైపుల పెట్టి తెచ్చిన. రేపు పదింటికి ఏషియన్ టౌన్ రా. సినిమా హాలు ముంగట ఉంట.”

రెండు నెలల కిందట, కొత్త పెళ్లికూతురుగా దోహాలో, ఫరీజ్ బిన్ మహమూద్ పేటలోని ఈ ఒంటిగది ఇంట్లో అడుగుపెట్టగానే శోభకు ఎదురైంది ఒక మొసలి రాక్షసుడు. గోడంతా వాడి సినిమా పోస్టరే. ఆకుపచ్చ పొలుసులు, బారెడు గోళ్లు, తోక కింద నలిగిన రైలు. తల మాత్రం లేదు.

శోభ భర్త రత్నాకర్. అతని తండ్రి గంగన్న ఒకప్పుడు మెట్‌పల్లిలో సైకిలు మీద తిరుగుతూ సినిమా పోస్టర్లు అంటించేవాడు. రాక్షసుల సినిమా వచ్చిందంటే కొడుక్కని ఏదో ఒకటి మిగిల్చి తెచ్చేవాడు. కరపత్రాలు, షోకేసు ఫొటోలు, టికెట్టుతో పంచిన అట్ట కోరలు అన్నీ రత్నాకర్ పెట్టెలో ఇప్పటికీ భద్రం. గంగన్న తెచ్చిన చివరి పోస్టరు ఈ మొసలిదే. ఆరు షీట్లలో ఐదే మిగిలాయి. చిన్నప్పుడు రత్నాకర్ పలక మీద రోజుకో తల గీసేవాడట.

ఒకరోజు శోభ తల్లి భూమవ్వ వీడియో కాల్‌లో చీరల పెట్టె తెరిచి చూపిస్తుంటే, ఎప్పుడో మెట్‌పల్లి సంతలో సామాను చుట్టి ఇస్తే అడుగున పరిచిన కాగితంలోంచి రెండు పసుపు కళ్లు శోభను చూశాయి. కింది అంచున అవే ఆకుపచ్చ పొలుసులు!

“అమ్మా, అది పంపియ్యవే!”

“కొత్త సంసారంల దయ్యం మొకమెందుకే?” అని గొణుగుతూనే భూమవ్వ దాన్ని దుబాయ్ పోతున్న పక్కింటి లస్మయ్యకు ఇచ్చేసింది.

“అమ్మా, నేనున్నది ఖతర్ల!”

“ఖతరైనా దుబాయే గదనే!”

అలా మొసలి తల దుబాయ్ క్యాంపులో, లస్మయ్య మంచం కింద మూడు వారాలు పడి ఉంది. గదిలోవాళ్లు దాన్ని పరుచుకుని అన్నం తిందామన్నప్పుడల్లా లస్మయ్య కొట్లాటకు దిగేవాడు. ఇప్పుడు వరల్డ్ కప్ బస్సులు నడపడానికి అతని దోస్తు లియాఖత్ దోహా వస్తూ దాన్ని వెంట తెచ్చాడు. రత్నాకర్‌కు ఇదేమీ తెలియదు.

సాయంత్రం అల్ రయ్యాన్ స్టేడియంలో డ్యూటీ దిగి వచ్చిన రత్నాకర్, హెల్మెట్ పక్కన పెట్టి నేరుగా గోడ దగ్గరికి వెళ్లాడు. తోక దగ్గర టేపు ఊడదీయడం మొదలుపెట్టాడు.

“ఏం చేస్తున్నరు?”

“తీసేస్త శోభా. తలకాయ లేనిదాన్ని ఎన్నొద్దులు పెట్టుకుంటం? నువ్వు భయపడ్తున్నవని మొన్న మీ అమ్మ అన్నది. ఈ గోడకు మన పెండ్లి ఫొటో పెడ్దాం.”

అతని వేళ్లు టేపును ఎంత నెమ్మదిగా లాగుతున్నాయంటే, కాగితానికి నొప్పి పుడుతుందేమో అన్నట్టుంది. శోభకు నవ్వొచ్చింది. వెళ్లి ఆ చేతిని పట్టుకుంది. ఊడిన టేపును బొటనవేలితో మళ్లీ గట్టిగా అదిమింది.

“ఫొటో తలుపుకు పెడ్దాం. వీడు మాత్రం ఈడనే ఉండాలె.”

“నీకు భయం లేదా?”

“నాకు సంసారం కుదురుకున్నంక వీన్ని కదిలిచ్చుడంటేనే భయం. సరే గని, రేపు శుక్రవారం గదా, తలకాయ తెచ్చుకుందాం.”

రత్నాకర్ మొహం వెలిగిపోయింది. “మేక తలకాయనా? కూర వండుతవా? ఈ గల్లీలనే దొరుకుతది!”

“దీనికి పొలుసులుంటయి.”

“అయితే చేప తలకాయ!”

“రేపు పదింటికి ఏషియన్ టౌన్ పోతున్నం,” అంది శోభ, నవ్వు ఆపుకోలేక అతని భుజంలో మొహం దాచుకుంటూ. “సంచి వద్దు. వచ్చేటప్పుడు కొత్త టేపు కొందాం.”