మే నెల లెక్క

రిటైర్మెంటుకి పన్నెండు రోజులు. ఆఖరి నివేదిక మీద ఆ ఉదయమే పదకొండింటికి సంతకం చేయాలి. బస్సుల లాభనష్టాల మీద ముప్పై ఏళ్ళు పరిశోధన చేసిన ప్రొఫెసర్ వనజాక్షిని నేను. తీసేయమన్న బస్సు మాత్రం ఒక్కటీ ఎక్కి చూడలేదు. ఆ సిగ్గుతోనే కృష్ణపట్నం పక్క పల్లెలో ఆరింటి బస్సెక్కాను. దీన్ని సగటున నలుగురే ఎక్కుతారు, దండగ ట్రిప్పు అని ఆ నివేదికలో రాసింది నేనే.

రెండు నిమిషాల్లో బస్సు కిక్కిరిసిపోయింది. అందరూ ఆడవాళ్ళే, అన్నీ చేపల గంపలే. ఇంతమందీ నా లెక్కలో ఏమైపోయారు?

పక్కన ఇరుక్కుని కూర్చున్నామె, పేరు చెంచమ్మట, గంపని కాళ్ళ మధ్యకి లాక్కుంది. "ఈ బస్సు తీసేస్తారంట మేడమ్. ఎవరో చదువుకున్నోళ్ళు లెక్కేసినారంట. ఇది లేకపోతే నెల్లూరికి ఎట్టా పొయ్యేది? ఎండెక్కినాక చేప నిలుస్తాదా?"

ఆ చదువుకున్నదాన్ని నేనేనని చెప్పడానికి నోరు రాలేదు. "మే నెలలో లెక్కేశారట" అన్నాను.

పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "మే నెల్లోనా? అప్పుడు సర్కారోళ్ళు వేట బందు పెడతారు గదమ్మా! పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. చేపే లేకపోతే మేమెందుకు ఎక్కతాం?"

సర్వేకి విద్యార్థులు దొరికేది వేసవి సెలవుల్లోనే. అందుకే నా సర్వేలన్నీ మేలోనే. ఈ తీరం వెంబడి ఇంకెన్ని బస్సులు తీయించాను? ముత్తుకూరు దాటేదాకా వేళ్ళు మడుస్తూనే ఉన్నాను. ఏడు.

నెల్లూరు ఆఫీసులో ఆర్టీసీ అధికారి మాల్యాద్రి గారు నివేదిక ముందు పెట్టి పెన్ను అందించారు. నేను సంగతి చెప్పగానే తలుపు దగ్గరగా వేసి వచ్చారు.

"ఇది వెనక్కి తీసుకుంటే మీ పాత నివేదికలన్నీ తవ్వుతారు మేడమ్. మీ రిటైర్మెంటుకి సన్మానం కూడా పెట్టుకున్నాం. పన్నెండు రోజులు ఓపిక పట్టండి."

ఆయన నా మంచి కోరే అన్నారు. ఒప్పుకోవాలని నాకూ అనిపించింది. అందుకే ఇంకా భయం వేసింది.

సంతకం చేయాల్సిన చోట "ఈ లెక్క తప్పు" అని రాశాను. దాని కింద, బస్సు పోయిన ఆ ఏడు ఊళ్ళ పేర్లూ రాశాను.

మొదటి ఊరికి బస్సు ఆగిపోయి పంతొమ్మిదేళ్ళు. అక్కడి ఆడవాళ్ళు ఇన్నేళ్ళూ గంపలతో ఎలా వెళ్తున్నారో నేను ఏ నెలలోనూ అడగలేదు.