వేరు కంచం

తొలి కాన్పు పుట్టింటివాళ్లే చెయ్యాలి. తల్లి లేని ఇల్లని ఎవరూ మినహాయించరు. గట్టయ్య డ్యూటీ దిగీ దిగగానే కూతురు సంతోషిని ఆటోలో దవాఖానకు తెచ్చాడు.

"కామెర్ల పరీక్ష చేయించిన్రా?" నర్సు అడిగింది.

"చేయించినం. ఏం లేదన్నరు," అంది సంతోషి. పక్కనే అత్త పోశవ్వ నిలబడి వింటోంది.

ఉంది. కామెర్ల వైరస్ సంతోషి ఒంట్లో ఉందనీ, తాను పుట్టినప్పుడే తల్లి నుంచి అంటిందనీ, బిడ్డకూ అంటకుండా పుట్టిన పూటే రెండు సూదులు పడాలనీ డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది. అత్తకు తెలియనివ్వనని సంతోషి తండ్రితో ఒట్టు వేయించుకుంది.

ఎందుకో గట్టయ్యకు తెలుసు. భార్య కనకవ్వ లివర్ చెడి మంచాన పడ్డప్పుడు అతని అక్క వచ్చి వేరు కంచం, వేరు గ్లాసు పెట్టింది. చిన్నపిల్ల సంతోషిని తల్లి చేతి ముద్ద తిననియ్యలేదు. పిల్లకు అంటాల్సింది పుట్టిన రోజే అంటింది. కనకవ్వ పోయాక గట్టయ్య ఇన్నేళ్లలో ఆ అక్క గడప తొక్కలేదు, ఆమెతో మాట్లాడలేదు.

ఆడపిల్ల పుట్టింది.

"ముక్కు మాదే, అన్నా. రంగు నీది రాలే, బతికిపోయింది!" పోశవ్వ నవ్వింది.

గట్టయ్య కూతురి చెవి దగ్గర వంగాడు. "సూది సంగతి చెప్పు, బిడ్డా."

"అత్త పొద్దుగాల పోతది. గప్పుడు చెప్త."

"పొద్దుగాలకు పనికిరాదు."

బయటికి పోయి నర్సుకు చాటుగానే చెప్పాడు. ఆమె గబగబా మంచం దగ్గరికొచ్చి గట్టిగా అడిగింది. "కామెర్ల వైరస్ ఉంటే లేదంటవేందమ్మా?"

పోశవ్వ పిల్లను గట్టయ్య చేతుల్లో పెట్టేసింది. "ఈమెనా ఇన్నొద్దులు మాకు వండి పెట్టింది?"

"బువ్వతోని రాదు, చెల్లె. కంచంతోని రాదు."

"పాలు గూడ ఇయ్యొచ్చు," అంది నర్సు.

"మా ఇంటికొస్తే కంచం వేరే," అని పోశవ్వ చెప్పులేసుకుంది.

పిల్ల రెండు తొడల్లోనూ సూదులు పడ్డాయి. గుక్కపట్టి ఏడ్చి పడుకుంది.

గట్టయ్య అన్నం కలిపి పెట్టాడు. "తిను, బిడ్డా."

సంతోషి గోడవైపు తిరిగింది. బాపూ అని పలకలేదు. ఆ మౌనం ఎన్నేళ్లు నిలుస్తుందో అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు. తన పోలికే.

తెల్లారితే డ్యూటీ. ఆమె ముట్టని కంచం ముందుకు లాక్కుని తినసాగాడు.