ఇరవైలో చెత్తది

మా ల్యాబులో ఒక ఆచారం ఉంది. సోలార్ సెల్స్ ఇరవై చేస్తారు, పందొమ్మిదింటిని పక్కన పడేస్తారు, బాగా వచ్చిన ఒక్కదాని అంకె రీసెర్చి పేపర్లో వేసుకుంటారు. దీన్ని ఎవరూ తప్పనుకోరు. నేను అనుకున్నాను, ఎందుకంటే నేను రంగుల ఫ్యాక్టరీ నుంచి వచ్చినదాన్ని.

రంగు పూసిన రేకుల్ని ఎండకీ వానకీ వదిలేసి, ఎప్పుడు ఊడుతుందో రాయడం పదమూడేళ్లు అక్కడ నా పని. తొమ్మిది రేకులు నిగనిగలాడినా, పదోది పొక్కితే ఆ రంగు బజారుకెళ్లేది కాదు. కొన్నవాడి గోడ మీద పొక్కేది ఆ పదోదే కదా! సాయంత్రం కాలేజీలో నాకంటే చిన్నవాళ్ల చేత పాఠాలు చెప్పించుకుని డాక్టరేట్ తెచ్చుకున్నాను. కొత్త రకం సెల్స్‌ని సిరాలా గాజు మీద పూసి ఆరబెడతారని చదివిన రోజే, ఇది నా పనే అనిపించింది. ముప్పై ఎనిమిదేళ్లకి జూనియర్‌గా చేరాను. వారం తిరక్కుండానే 'రంగులమ్మ' అని పేరు పెట్టారు. పెట్టుకోనీ.

ల్యాబు పెద్దాయన తెలివైనవాడే, ఒప్పుకోవాలి. ఆయన సెల్ పడిన ఎండలో నూటికి ఇరవై నాలుగు పాళ్లు కరెంటు చేసింది. చేసిన గంటలోపే, తేమ లేని గాజు పెట్టెలో కొలిచారు. దానితో సహా ఇరవైనీ నేను మేడ మీద పెట్టాను. రెండు నెలల్లో పద్దెనిమిది చచ్చాయి. ఆయన ముద్దుబిడ్డ మొదటి వానకే పోయింది. జబ్బెక్కడో చూడగానే తెలిసింది. అంచుల్లో జిగురు వదులై తేమ దూరింది. రంగు పొక్కేదీ అంచు నుంచే.

పెద్దాయన పిలిచి పేపరు ముందు పెట్టాడు.

"నీ పేరు కూడా వేశానమ్మా. సంతకం పెట్టు. నెలాఖరుకి ఉద్యోగం పర్మనెంట్ చేయిస్తాను."

"మేడ మీద సంగతి ఎక్కడ రాశారు సార్?"

"తర్వాతి పేపర్లో చూద్దాం. లోకమంతా ఇలాగే రాస్తోంది. నిజాయితీ మొత్తం నువ్వొక్కదానివే గుత్తకి తీసుకున్నావా? రేపు ల్యాబుకి డబ్బిచ్చే కమిటీ వస్తోంది. అక్కడ నోరు జారితే నీ ఉద్యోగం సంగతి నాకు తెలీదు."

సంతకం పెట్టకుండానే ఇంటికొచ్చాను. అక్క విని తల పట్టుకుంది.

"పెట్టేస్తే నీ సొమ్మేం పోయిందే?"

"ఎవరింటి మీదో బిగిస్తారక్కా. మొదటి వానకే చస్తుంది. సోలార్ అంటే ఇంతేలే అని జనం మళ్లీ అటు చూడరు."

"మరి ఉద్యోగం?"

"పోతే పోనీ," అన్నాను గానీ భయం వేసింది. అబద్ధమెందుకు?

మర్నాడు కమిటీ వాళ్లు ముగ్గురొచ్చారు. పెద్దాయన తన అంకె చెప్పి కూర్చోగానే, ఇరవై సెల్స్ ఉన్న ట్రే తెచ్చి బల్ల మీద పెట్టాను.

"ముదురు గోధుమరంగుది పసుపుపచ్చగా మారింది చూడండి, ఇదేనండీ ఆ ఇరవై నాలుగు."

"ఆవిడ రంగుల ఫ్యాక్టరీ మనిషండీ, సైన్సు పద్ధతులు కొత్త," అన్నాడు పెద్దాయన నవ్వుతూ.

"అవునండీ, గోడ పొక్కితే పదమూడేళ్లు తిట్లు తిన్నదాన్ని. మీరెప్పుడైనా తిన్నారా సార్?"

కమిటీలో ఉన్న పెద్దావిడ ట్రే తన వైపు లాక్కుంది. పసుపుపచ్చ సెల్ అంచు చూసి నన్నడిగింది.

"బాగుచెయ్యడానికి ఎన్నాళ్లు కావాలి?"

"ఏడాది. అప్పటికీ చావొచ్చండీ. చస్తే చచ్చిందనే రాస్తాను."

పేపరు ఆపేశారు. ఏడాది ఇచ్చారు. పర్మనెంట్ మాత్రం ఇక లేదు, ఆ పని పెద్దాయన దగ్గరుండి చూసుకున్నాడు. వారంలో నా బల్ల, కుర్చీ కూడా ఎత్తించేశాడు.

మేడ మెట్ల మీద కూర్చుని రాసుకుంటున్నాను. కొత్త జిగురుతో ఇరవై సెల్స్ పైకెక్కించి నలభై రోజులైంది. వాటిలో ఏది అన్నిటికంటే ముందు చస్తుందో, నా పేపర్లో మొదటి వరుసలో దాని అంకే ఉంటుంది. ల్యాబుకి పెద్ద కాబట్టి, పక్కనే ఆయన పేరు కూడా వేస్తాను.