చూచిరాత

సంతకం పెట్టాల్సిన చోటల్లా పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తు పెట్టడం మా ఇంట్లో నా పని. గ్యాస్ కనెక్షన్ దగ్గర్నుంచి మా ఒక్కగానొక్క చిన్నదాని బడి ఫారాల దాకా, అత్తయ్యగారి కంటి ఆపరేషన్ కాగితాల దాకా, నింపేది నేను, సంతకం మా ఆయనది. ఫోన్ మీద నుంచి కళ్ళు తియ్యకుండానే "ఎక్కడ?" అంటారు. "ఇంటూ ఉన్నచోట" అంటాను. పెట్టేస్తారు. తర్వాత రబ్బరు తీసుకుని ఆ గుర్తులు చెరిపేది కూడా నేనే. పదకొండేళ్ళలో నేనిచ్చిన ఒక్క కాగితం కూడా ఆయన చదవలేదు. అది నమ్మకం అనుకునేదాన్ని. బయట ఎవరితోనైనా చెప్పేటప్పుడు కాస్త గొప్పగా కూడా చెప్పుకునేదాన్ని.

అందుకే, పిల్లని తీసుకుని నేనొక్కదాన్నే విదేశం వెళ్ళాలంటే తండ్రి ఒప్పుకుంటున్నట్టు కాగితం కావాలని వీసా ఆఫీసులో చెప్పినప్పుడు నేనేమీ కంగారు పడలేదు. ఇంకో కాగితం, ఇంకో ఇంటూ అనుకున్నాను.

నేను కళ్ళద్దాలు తయారయ్యే చోట పనిచేస్తాను. సానబెట్టి వచ్చిన అద్దాలని దీపం కింద పెట్టి, గీత పడినవీ బుడగ ఉన్నవీ పక్కకి తీసెయ్యాలి. ఆరేళ్ళుగా అదే పని. మొన్న కొత్త మెషిన్ కొంటున్నామనీ, అది నేర్చుకోవడానికి ఇద్దరిని ఆరు వారాలు పంపుతామనీ చెప్పారు. అందులో నేనొకదాన్ని. సూపర్‌వైజర్ నన్ను గదిలోకి పిలిచి, "నీకు చిన్నపిల్ల ఉంది కదమ్మా, కుదురుతుందా?" అని మూడుసార్లు అడిగాడు. నాతోపాటు వస్తున్నతనికి ఇద్దరు పిల్లలు. చిన్నవాడికి ఇంకా పాలపళ్ళు కూడా ఊడలేదు. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. మేం వెళ్ళే ఊళ్ళోనే మా అక్క ఉంటుంది. చిన్నదానికి అప్పుడు సెలవులు. పగలంతా అక్క దగ్గర ఉంటుంది, సాయంత్రానికి నేను వచ్చేస్తాను. ఇన్ని కలిసి రావడం నా బతుకులో ఎప్పుడూ లేదు.

ఇంట్లో చెబితే ఆయన "సరే, చూద్దాం" అన్నారు. "సరే" అంటే సరేనని నాకు తెలుసు. "చూద్దాం" అంటే కాదని తెలుసు. రెండూ కలిపి అంటే ఏమిటో ఇన్నేళ్ళలో నేర్చుకోలేకపోయాను. అత్తయ్యగారు మాత్రం ఫోన్లో వాళ్ళ చెల్లెలితో, "ఉద్యోగం కాదే, ట్రైనింగట. బిడ్డ తల్లయ్యాక కొత్తగా ఏం నేర్చుకోవాలో మరి. నేర్చుకోవాలంటే ఒక్కతే పోవచ్చుగా, పిల్లని కూడా తీసుకుపోవడం ఎందుకంటా" అన్నారు. నేను పక్కనే బట్టలు మడతపెడుతున్నాను. నేను పక్కన ఉన్నప్పుడే ఆవిడ ఇలాంటివి కాస్త గట్టిగా మాట్లాడతారు.

వీసా ఆఫీసు కిటికీ వెనక కూర్చున్నాయన కూడా అదే అడిగాడు, కాకపోతే మర్యాదగా. తండ్రి ఎందుకు రావడం లేదు, తండ్రికి తెలుసా, తిరిగొచ్చే టికెట్ ఉందా, అక్కడ ఉండిపోయే ఉద్దేశం ఏమైనా ఉందా. నేను కన్న పిల్లనే నేను ఎక్కడి నుంచో ఎత్తుకుపోతున్నట్టు చూశాడు. ఇంటికొచ్చి మా ఆయన్ని అడిగాను. పోయినేడు చిన్నదాన్ని తీసుకుని మీ అన్నయ్యగారి దగ్గరికి పన్నెండు రోజులు వెళ్ళొచ్చారు కదా, మిమ్మల్ని కూడా ఇలాగే అడిగారా అని.

"నన్నెందుకు అడుగుతారు? నీ సంతకం ఉందిగా" అన్నారు. మళ్ళీ ఆయనే, "నీలం ఫైల్లో దాని జిరాక్స్ ఉంటుంది. అదే చూసి రాసెయ్, మార్చడానికేముంది" అన్నారు.

ఆ సంతకం నాకు గుర్తుంది. ఆ రోజు చిన్నదానికి తలంటుతున్నాను. చేతుల నిండా నురగ. దాని కళ్ళలోకి సబ్బు పోయి ఏడుస్తోంది. ఆయన కాగితాలు పట్టుకుని బాత్‌రూమ్ గుమ్మం దగ్గరికి వచ్చి, టైమైపోతోంది, నోటరీ వెళ్ళిపోతాడు, ఆయన మనవాడే కాబట్టి నువ్వు రానక్కర్లేదన్నాడు, ఒక్క సంతకం అన్నారు. చేతులు లంగాకి తుడుచుకుని వాషింగ్ మెషిన్ మీద పెట్టి రాశాను. ఎక్కడ అని అడిగే పని కూడా లేకపోయింది. మూడు చోట్లా పెన్సిల్‌తో ఇంటూ గుర్తులు పెట్టి ఉన్నాయి. ఆయనే పెట్టారు. నా అలవాటు ఆయనకి కూడా వచ్చిందని ఎంత మురిసిపోయానో. ఆ సాయంత్రం అక్కకి ఫోన్ చేసి మరీ చెప్పాను.

ఆదివారం మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక బల్ల తుడిచి, నీలం ఫైలు తెచ్చుకుని, తెల్లకాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. మా ఊరి బళ్ళో నేను దేంట్లోనూ ఫస్టు కాదు, చూచిరాతలో తప్ప. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, ఒక్క కొమ్ము పోకుండా, ఒక్క దీర్ఘం తగ్గకుండా దించేదాన్ని. మా పంతులమ్మ పలకలు దిద్దుతూ అంటుండేది: "ముందు చూడండర్రా, తర్వాత రాయండి. పేరులోనే ఉంది." ఆ అలవాటు ఇంకా పోలేదు. ఒక ముక్క చూస్తాను, రాస్తాను, మళ్ళీ చూస్తాను. అలా నాలుగో వరసకి వచ్చాను.

"నా కుమార్తెను ఆమె తండ్రి ఏ దేశమునకైనను, ఎన్ని పర్యాయములైనను, ఎంతకాలమైనను తీసుకొనివెళ్ళుటకును, అచ్చట నివాసముంచుటకును, పాఠశాలయందు చేర్పించుటకును నాకెట్టి అభ్యంతరము లేదు. ఇందుకై మరల నా అనుమతి కోరనవసరము లేదు."

పెన్ను పక్కన పెట్టాను. పన్నెండు రోజుల మాట ఎక్కడుందో అని వెతికాను. కాగితం వెనక్కి తిప్పి చూశాను. జిరాక్స్ కదా, వెనకాల తెల్లగా ఉంది. వెళ్ళే తేదీ లేదు, వచ్చే తేదీ లేదు, ఊరు లేదు. కింద నా సంతకం మాత్రం ఉంది, సబ్బు తడికి "య" దగ్గర సిరా కాస్త అలికినట్టయి.

అద్దం మీద గీత నేరుగా చూస్తే కనపడదు. దీపం కింద కాస్త వాలుగా తిప్పాలి. అప్పుడు ఒకటి కనపడుతుంది, దాని పక్కనే ఇంకోటి కనపడుతుంది, ఇందాకటిదాకా ఇవన్నీ ఎక్కడున్నాయా అనిపిస్తుంది. నేను ఆ పన్నెండు రోజుల్ని అలా తిప్పి చూడడం మొదలుపెట్టాను. తిరిగొచ్చిన రోజు చిన్నది అన్నం తింటూ, "పెదనాన్న పెద్ద బడికి తీసుకెళ్ళాడమ్మా, ఒక మేడమ్ నాతో చదివించింది, లెక్కలు కూడా చేయించింది" అంది. ఊరు చూపించడంలో బడి కూడా చూపించారనుకున్నాను. సెలవుల్లో పిల్లతో లెక్కలెవరు చేయిస్తారని నాకు తట్టలేదు. మా తోడికోడలు ఒక గది ఫోటో పంపింది, చిన్న మంచం, మబ్బుల బొమ్మలున్న కర్టెన్లు. కింద "చిన్నదాని గది" అని రాసింది. ఎంత ప్రేమో అనుకుని రెండు దండాలు పెట్టి పంపాను. పిల్ల పుట్టిన సర్టిఫికెట్ ఈ నీలం ఫైల్లోనే ఉండేది. రెండు నెలల కింద వెతికితే కనపడలేదు. "లామినేషన్‌కి ఇచ్చాను" అన్నారు ఆయన. గ్యాస్ బుక్ చెయ్యడం కూడా రాని మనిషికి లామినేషన్ షాపు ఎక్కడుందో ఎలా తెలిసిందని అప్పుడు నవ్వుకున్నాను కూడా.

నాది ఉత్త అనుమానమేమో అని కూడా అనుకున్నాను. రోజంతా తప్పులు వెతికే ఉద్యోగం, ఇంటికొచ్చినా ఆ చూపు పోదేమో. నోటరీ దగ్గర ఎప్పుడూ ఇలాగే రాస్తారేమో. అడిగేస్తే పోతుంది. కానీ అడిగితే ఏం వస్తుందో నాకు తెలుసు. "నా మీద నీకు నమ్మకం లేదా?" అంటారు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పుకోవడంతో నా ప్రశ్న చచ్చిపోతుంది. ఇంతకుముందు చాలా ప్రశ్నలు అలాగే పోయాయి.

అందుకని అడగలేదు. పెన్ను తీసుకుని మిగతాది రాశాను. ఆయన చెప్పినట్టే, ఉన్నది ఉన్నట్టు. తండ్రి అని ఉన్నచోట తల్లి అని రాశాను. అంతకు మించి ఒక్క అక్షరం మార్చలేదు. మూడు చోట్లా పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టాను. తర్వాత ఇంకో కాగితం తీసుకుని, ఆరు వారాలకీ తేదీలు వేసి, అక్క ఇంటి అడ్రసు రాసి, అది మడిచి నా దగ్గర పెట్టుకున్నాను.

సాయంత్రం టీ ఇచ్చి, మొదటి కాగితం ఆయన ముందు పెట్టాను. "ఎక్కడ?" అంటారని చూశాను. అనలేదు. ఫోన్ బోర్లించి పక్కన పెట్టారు. కళ్ళజోడు తెమ్మన్నారు. ఆ అద్దాలు మా దగ్గర చేసినవే, నేనే దగ్గరుండి చూసి తెచ్చాను. పెట్టుకుని, పైనుంచి కిందికి వేలు జరుపుకుంటూ చదివారు. పదకొండేళ్ళలో నేనిచ్చిన కాగితం ఆయన చదవడం అదే మొదటిసారి. టీ చల్లారిపోయింది.

"ఏంటిది?"

"మీరు చెప్పిందే. చూసి రాశాను."

"ఏ దేశమైనా, ఎంతకాలమైనా అంటే ఏంటి అర్థం? నువ్వెళ్ళేది ఆరు వారాలు కదా? మధ్యలో బళ్ళో చేర్పించడం ఏంటి?" గొంతు పెరిగింది. లోపలి గదిలోంచి అత్తయ్యగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "నేను ముందే అనుకున్నాను" అన్నారు. ఆయన ఆవిడ వైపు చూడలేదు. "ఎవరు చెప్పి రాయించారు నీతో? మీ అక్కా? బుద్ధున్నవాళ్ళెవరైనా దీని మీద సంతకం పెడతారా?"

"నేను పెట్టాను" అన్నాను.

జిరాక్స్ తీసి ఆయన కాగితం పక్కన పెట్టాను. రెండూ పక్కపక్కన ఉంటే కవలపిల్లల్లా ఉన్నాయి. ఆయన ఒకదాని మీద నుంచి ఇంకోదాని మీదకి చూసి, కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టారు. వాటి మీద మరకేమీ లేదు.

"అది వేరు" అన్నారు.

ఏం వేరో చెప్పలేదు. నేను అడగలేదు, ఊరికే నిలబడ్డాను. ఊరికే నిలబడితే ఎదుటివాళ్ళు మాట్లాడతారని అప్పుడే తెలిసింది. అన్నయ్య అక్కడ ఉద్యోగం చూస్తానన్నాడనీ, ఖాయమయ్యాక చెబుదామని ఆగాననీ, బడి మొదలయ్యేనాటికి పిల్ల అక్కడ ఉండాలి కాబట్టి ముందు తామిద్దరూ వెళ్దామనుకున్నామనీ చెప్పుకొచ్చారు. సర్టిఫికెట్ ఎప్పుడో అక్కడికి వెళ్ళిపోయింది.

"నువ్వు తర్వాత వచ్చేదానివే కదా" అన్నారు.

"ఎప్పుడు?"

"చూద్దాం."

ముందు "సరే" లేదు. ఆ మాటకి అర్థం నాకు తెలుసు.

అత్తయ్యగారు లోపలికి వెళ్ళిపోయారు. ఆవిడకి ముందే తెలుసో, ఆ క్షణంలోనే తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు. నేను మడిచి పెట్టుకున్న రెండో కాగితం తీసి ఆయన ముందు పెట్టాను. దీన్ని కూడా మొత్తం చదివారు. తేదీలు రెండుసార్లు చూశారు. దీని మీద పెట్టడానికి అభ్యంతరం లేదన్నారు. బుద్ధిమంతుడిలా కనపడాలని ఆయనకి ఉంటుంది, నాకు తెలుసు. తర్వాత జిరాక్స్ మీద వేలు పెట్టి మెల్లగా అన్నారు, "ఈ పాతది నువ్వేం పట్టించుకోకు. ఫైల్లో అలా ఉండనీ."

అలా ఉండనీ. ఆ రెండు మాటలూ రాకపోయి ఉంటే నేను ఊరుకునేదాన్నేమో.

బుధవారం సగం రోజు సెలవు పెట్టి, ఆయన కంటే గంట ముందే నోటరీ ఆఫీసుకి వెళ్ళాను. ఆయనకి తెలిసినవాడి దగ్గరికి కాదు, వేరే చోటికి. ఆయన్ని కూడా అక్కడికే రమ్మన్నాను. మెట్ల కింద ఒకావిడ కంప్యూటర్ పెట్టుకుని కాగితాలు టైపు చేస్తుంది. నా రాత చూసి, "చక్కగా ఉందమ్మా, టీచరువా?" అంది. కాదన్నాను. ఒకసారి ఇచ్చిన ఒప్పుదల వెనక్కి తీసుకోవచ్చా అని అడిగాను. ఆవిడ వేళ్ళు ఆగలేదు గానీ తలెత్తి చూసింది. ఇచ్చినవాళ్ళే రాతపూర్వకంగా తీసుకోవచ్చనీ, ఆ నకళ్ళు వీసా ఆఫీసుకీ పిల్ల బడికీ ఇచ్చి పెట్టుకుంటే మంచిదనీ చెప్పింది. "చాలామంది వస్తారమ్మా, సంతకం పెట్టేశాక" అంది. ఆయన కాగితంతో పాటు, పాత ఒప్పుదల వెనక్కి తీసుకుంటున్నట్టు నాది ఇంకోటి కూడా టైపు చేయించాను.

ఆయన వచ్చారు. నోటరీ ముందు కూర్చుని తేదీలున్న కాగితం మీద మూడు చోట్లా సంతకం పెట్టారు. ముద్ర పడింది. గడియారం చూసుకుని లేచి, "పద" అన్నారు.

"నాది ఇంకోటి ఉంది" అన్నాను.

నోటరీ ఆ కాగితం నా వైపు జరిపి, పెన్ను ఇచ్చాడు. "ఇక్కడా, కిందా అమ్మా" అని వేలితో చూపించాడు. దాని మీద పెన్సిల్ గుర్తులేవీ లేవు. నేను పెన్ను పక్కన పెట్టి కాగితం దగ్గరికి తీసుకున్నాను. బయట జనం ఉన్నారన్నాడు నోటరీ. మీరు చెప్పి టైపు చేయించుకున్నదే కదా, మళ్ళీ చదివేదేముందన్నాడు. ఆయన తలుపు దగ్గరే ఆగిపోయి, "ఏం కాగితం అది?" అన్నారు.

కుర్చీ ముందుకి జరుపుకుని, మా ఊరి బళ్ళో పంతులమ్మ ముందు నిలబడి చదివినట్టు, గదిలో అందరికీ వినపడేలా, మొదటి వరస నుంచి పైకి చదవడం మొదలుపెట్టాను.