పేరు అడిగిన పెట్టె

నేను ఒక అట్టపెట్టెను. ఫ్రిజ్‌ని మోసుకొచ్చి ఖాళీ అయినదాన్ని. పాతసామాన్ల బండెక్కాల్సిన నన్ను హిమజ తెచ్చుకుని, ముందువైపు రెండు కంతలు కోసింది. పైకంతలోంచి ప్రశ్నలు, కిందికంతలోంచి ఓపీ చీటీలు. ఆమె నా కడుపులో పీట వేసుక్కూర్చుంటే నేను యంత్రాన్నన్నమాట! పిల్లల ఆసుపత్రికి అసలు యంత్రం చేయించేముందు, అది ఎలా ఉండాలో అందర్నీ అడిగి తెలుసుకోవడం ఆమె ఉద్యోగం.

అడిగింది కూడా. డాక్టర్లు, నర్సులు "ముందు పేరు అడగాలి" అన్నారు. తల్లుల్ని "అలా అడిగితే ఏమన్నా ఇబ్బందా?" అంటే "ఏం లేదమ్మా, బానే ఉంది" అన్నారు. మెడలో కార్డున్న మనిషి అడిగితే ఎవరు కాదంటారు? అందుకే నన్ను నిలబెట్టి చూద్దామనుకున్నారు. "లోపల మనిషున్నట్టు తెలియనివ్వకు. నువ్వు జాలిపడ్డావో, యంత్రంలో తప్పు దాక్కుంటుంది" అని ఆమె పైఆఫీసరు మరీమరీ చెప్పాడు.

'ఇది నమూనా మాత్రమే' అని నా నుదుట కాగితం అంటించారు. పురిటిబిడ్డని గుండెకదుముకుని పరిగెత్తుకొచ్చిన నూకరత్నం దాన్ని చూస్తుందా? వెనకే ఆమె అత్త.

"బిడ్డ పేరు?" అంది హిమజ, గొంతు మార్చి.

"ఇంకా బారసాల కాలేదండి. పొద్దుట్నించీ పాలు తాగట్లేదు, కళ్ళు తెరవట్లేదు..."

"బిడ్డ పేరు చెప్పండి."

"ఏదో ఒకటి చెప్పెయ్యనా అత్తా?"

"ఊరుకోవే! పురుడెళ్ళకుండా పేరెట్టి పిలుస్తారా? ఈ పెట్టి మొహానికేం తెలుసు!" అంటూ అత్త నా డొక్కలో ఒక్క గుద్దు గుద్దింది.

"బిడ్డ పేరు చెప్పండి." ఈసారి హిమజ గొంతు మార్చడం మరిచిపోయింది. లోపల ఆమె గోళ్ళు నా గోడలోకి దిగడం నాకే తెలుసు. బయట బిడ్డ ఏడవట్లేదు. ఏడుపు లేని ఆ కాసేపు ఎంత బరువో, ఫ్రిజ్ మోసినదాన్ని నేను చెప్తున్నా.

నూకరత్నం కంతకి నోరానించి, "పాప అని రాసుకోండమ్మా... మీకు దణ్ణం పెడతాను" అంది.

అంతే. హిమజ నన్ను నిలువునా చీల్చుకుని బయటికొచ్చింది. "రండి, రండి!" అంటూ తల్లినీ బిడ్డనీ డాక్టరు గదిలోకి లాక్కుపోయింది.

చాలాసేపటికి లోపల్నుంచి సన్నగా ఏడుపు వినిపించింది. అత్త గోడకి జారగిలబడి, "ఏడు తల్లీ, ఇంకా ఏడు" అంటూ తనూ ఏడ్చింది.

ఇప్పుడు నేను మెట్లకింద మడతపడి ఉన్నాను. నా చోట ఇనుప యంత్రం వచ్చింది. "బిడ్డ పాలు తాగుతోందా?" అని అడుగుతుంది ముందు. లేదంటే చాలు, చీటీ ఇచ్చేస్తుంది. పేరు సంగతి తర్వాత.

బారసాలకి హిమజ వెళ్ళొచ్చిందట. అన్నిసార్లు అడిగానా, ఏం పేరు పెట్టారో మాత్రం నాకెవరూ చెప్పలేదు.