పగటి కరెంటు

నారాయణ వేరుశనగ పంటకు ముందు వాటాదారులు అడవిపందులే. నిరుడు ఉన్న ఎకరంలో సగం అవే తవ్వుకు తిన్నాయి. అప్పటినుంచి ఆయనకు పందులంటే కసి. ఈ ఏడు చేను చుట్టూ మోకాలెత్తున ఇనుప తీగ లాగి, మోటారు పెట్టెలోంచి దొంగతనంగా కరెంటు తగిలించాడు. భార్య చంద్రకాంతమ్మ అడిగితే, పందుల్ని బెదిరించడానికి ఉత్త తీగేనన్నాడు.

పొలాలకు కరెంటు రాత్రిపూటే ఇస్తున్నారు. మొదట్లో తెల్లవారగానే వెళ్లి తీగ ఊడదీసేవాడు. పగలు కరెంటే రానప్పుడు ఈ తిరుగుడెందుకని తర్వాత బద్ధకించాడు.

ఆ రోజు శ్రీకాళహస్తిలో, మోటార్లు బాగుచేసే నాయబ్ రసూల్ కొట్టుకు వెళ్లాడు. కొట్టు నిండా జనం.

"కూసో నారాయణప్పా, ఈ దినం తీరిక లేదు. మీ పక్క కరెంటు పగటికి మార్చినారంట గదా. పదకొండుకు ఇడస్తారంట. అందరూ మోటార్లెత్తుకోని ఉరికొస్తా ఉండారు."

గోడ గడియారంలో పదకొండుకు పది నిమిషాలు తక్కువ.

పొద్దున కూడా నారాయణ తీగ ఊడదీయలేదు. ఈ వేళకు చంద్రకాంతమ్మ ఆవుకు గడ్డి కోస్తూ ఆ తీగ పక్కన, చేను గట్టు మీదే ఉంటుంది. ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. ఆ మహాతల్లి ఫోన్‌ను ఇంట్లో బల్ల మీదే వదిలేసి పోతుంది.

ఊళ్లో వయసువాళ్లంతా పొద్దున్నే బస్సెక్కి శ్రీ సిటీ ఫ్యాక్టరీలకు పోయి ఉంటారు. ఇక మిగిలింది గంగాధరం. పక్క చేనే, ట్రాన్స్‌ఫార్మర్ ఎదురుగానే ఇల్లు. కానీ గట్టు తగాదా వచ్చినప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఈ సంగతి వాడి చెవిన పడితే పోలీసుల దాకా పోతుంది. నారాయణ ఫోన్ చేతిలో పట్టుకుని కాసేపు వెనకాడాడు. ఆ కాసేపటిని తలుచుకుంటే ఆయనకు ఇప్పటికీ తన మీద తనకే అసహ్యం.

"అనా, నేను నారాయణ. పెట్టేయొద్దునా! నా చేనుకు కరెంటు తీగ కట్టినాను. చంద్రకాంత ఆడే ఉండాది. పదకొండుకు కరెంటు ఇడస్తారంట. నీకు దండం పెడతా, ట్రాన్స్‌ఫార్మర్ ఆపేయినా!"

తిట్లు పడతాయనుకున్నాడు. పడలేదు.

"పగలా?" గంగాధరం గొంతు కీచుగా వచ్చింది. "పగలు ఇడస్తారా? ఒరే, నేనూ కట్టినానురా! మా ప్రసన్న ఆడికే పొయ్యుండాది!"

ఫోన్ కింద పడిన చప్పుడు. నారాయణ తన బండి దగ్గరికి ఉరికాడు.

నాయుడుపేట రోడ్డు మీద బండి ఎలా నడిపాడో నారాయణకు తెలియదు. పందుల్ని తిట్టాడు, తనను తిట్టుకున్నాడు, ఏ దేవుడికి మొక్కుకుంటున్నాడో తెలియకుండా మొక్కుకున్నాడు. దారి పొడుగునా చేలల్లో మోటార్లు తిరుగుతున్నాయి. కరెంటు వచ్చేసింది.

ఊరి మొదట్లో ట్రాన్స్‌ఫార్మర్ కింద గంగాధరం కూలబడి ఉన్నాడు. కరెంటు ఆపే హ్యాండిల్‌ను కిందికి దించి, రెండు చేతులా పట్టుకునే ఉన్నాడు. చేను వైపు తల ఊపాడు.

ఇద్దరూ పరుగెత్తారు.

గట్టు మీద చంద్రకాంతమ్మ, ప్రసన్నకుమారి గడ్డిమోపులు పక్కన పెట్టుకుని వక్కాకు నములుతున్నారు. మొగుళ్లకు మాటల్లేకపోయినా వీళ్లకు ఎప్పుడూ ఉన్నాయి. చంద్రకాంతమ్మ కాలవలో తడిపిన తుండుగుడ్డను తీగ మీదే ఆరేసింది.

"ఏమయ్యా, ఆ రొప్పేంది?" అంది.

నారాయణ తుండు లాగేశాడు. ఆమె అతని మొహం చూసింది. తీగ వెంట కళ్లు పోనిచ్చి మోటారు పెట్టె దాకా చూసింది.

"ఉత్త తీగే అంటివే," అంది.

ఆమె మోపెత్తుకుని వెళ్లిపోయింది. నాలుగు తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆయనకు.

ఆ పొద్దే ఇద్దరు మగవాళ్లూ గట్టుకు అటొకరు ఇటొకరు నిలబడి తీగలు చుట్టేశారు. పందులు ఆ వారమే దిగాయి. ఈసారీ సగం పంట వాటికే పోయింది.

కాయ పీకిన రోజు చంద్రకాంతమ్మ ముందు నడుస్తోంది, వెనక మోపుతో నారాయణ. గట్టు దాటే చోట ఆమె చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టి, లేని తీగ మీదుగా కాలు మోకాలెత్తు లేపి అవతల వేసింది. నారాయణ అది చూశాడు. మోపు నెత్తిన ఉండగానే ఏడ్చేశాడు.