ష్యూరేనా, టీచర్?

పొయ్యి మీద అన్నం ఇంకా ఉడకలేదు. కాస్త చూడమని అత్తగారితో చెప్పి గ్లెండా తెర వెనక్కి వెళ్ళింది. "నేనే చూసుకుంటే ఇక నువ్వెందుకు, ఇందాయ్?" అంది అత్తగారు. ఇందాయ్ అంటే వాళ్ళ భాషలో అమ్మాయ్. కోపంగా కాదు, ఉప్పు అందుకున్నంత మామూలుగా అంది.

తెరకి అటు వంటిల్లు, ఇటు మంచం. మంచం కనబడకుండా గోడకి కొట్టిన నీలం గుడ్డ ముందు కూర్చుంటే అదే ఆమె బడి. పైన ఇస్త్రీ కోటు, కింద ఇంట్లో వేసుకునే పాత నిక్కరు. కెమెరాకి నడుము దాకానే కనబడుతుంది. జపాన్ నుంచి చిజుకో అప్పటికే కంప్యూటర్లోకి వచ్చి కూర్చుంది. డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషి, భర్త పోయాడు, ఇంగ్లీషు నేర్చుకుంటోంది.

ఇవాళ్టి మాట 'ష్యూర్'. పాఠాల పుస్తకంలో ఈ పేజీని గ్లెండా ఇప్పటికి రెండువందల సార్లయినా చెప్పి ఉంటుంది. ఒక సంగతి కచ్చితంగా తెలిసినప్పుడు ఈ మాట అంటాం. ఎవరైనా పని చెప్పినప్పుడు, అలాగే చేస్తాను అనడానికీ ఇదే మాట. ఈ ఇంట్లో తెలియడం అంతా భర్త రొనీలోది, చేయడం అంతా ఆమెది. పెళ్ళైన కొత్తలో, నువ్వు డిగ్రీ పూర్తి చేయలేవు, ష్యూర్, అన్నాడు. చంకలో బిడ్డతో పూర్తి చేసింది. టీచర్ల పరీక్ష ప్యాసయితే, కాగితమైతే వచ్చింది గానీ ఉద్యోగం రాదు, ష్యూర్, అన్నాడు. తన మాట తప్పయిందని ఒక్కసారీ అనలేదు. అత్తగారి కాళ్ళకి నూనె రాస్తావా? ష్యూర్. ఆడపడుచు పిల్లల్ని ముగ్గుర్నీ సాయంత్రం దాకా చూస్తావా? ష్యూర్. ఆ మాట ఆమె నోట్లోంచి వచ్చేసరికి చేతులు అప్పటికే కదులుతూ ఉండేవి.

సర్కారు బడి కోసం ఏటేటా దరఖాస్తు పెట్టి నాలుగేళ్ళు జాబితాలో నిలబడింది. ఈ ఏడాది మూడు ఖాళీలు, జాబితాలో ఆమెది మూడో పేరు. వస్తారో రారో ఫోన్ చేసి అడుగుతాం, శుక్రవారం లోపు చెప్పాలి అన్నారు. ఇవాళ గురువారం. దరఖాస్తులో రొనీలో నంబరే ఇచ్చింది. "నువ్వు పాఠంలో ఉంటావు, నీకు వినబడదు, నాది రాయి" అన్నాడు. ఆ రోజు ఆ మాటకి ఆమెకి సంతోషం కూడా వేసింది. బడి కొండ మీద ఉంది, వారానికోసారి దిగి రావచ్చు, పిల్లవాడిని వెంట తీసుకెళ్ళొచ్చు అని అన్నీ లెక్క వేసుకుంది.

పాఠం చివర ఐదు నిమిషాలూ విద్యార్థి అడగాలి, టీచరు పూర్తి వాక్యంలో జవాబు చెప్పాలి. అది కంపెనీ నియమం. అబద్ధమైనా ఫరవాలేదు, వాక్యం సరిగ్గా ఉంటే చాలు. ఈ పేజీలో గ్లెండా ఎన్ని అబద్ధాలు చెప్పిందో ఆమెకే తెలీదు.

చిజుకో వాగులో రాళ్ళ మీద అడుగులేసినట్టు ఒక్కో మాటా ఆపి పలికింది. "జూన్‌లో మీరు ఎక్కడ ఉంటారు, టీచర్?"

"జూన్‌లో నేను కొండ మీద బడిలో మూడో తరగతికి పాఠం చెబుతూ ఉంటాను."

"ష్యూరేనా?"

"ష్యూర్" అంది గ్లెండా. మొదటిసారి నిజంగానే అంది.

తెర అవతల, భోజనానికి ఇంటికొచ్చిన రొనీలో కంచంలో చెయ్యి ఆపాడు. గొంతు పెంచకుండా తమ భాషలో అన్నాడు. "ఆ బడివాళ్ళు సోమవారమే ఫోన్ చేశారు. రావని చెప్పేశాను."

"చేప చల్లారిపోతోంది, తినరా" అంది అత్తగారు.

"ఎలాగూ రానంటావని నాకు తెలుసు. నీ నోటితో చెప్పే బాధ తప్పించాను. నాలుగో ఆవిడకి ఇచ్చేశారట."

కెమెరా ముందు నవ్వుతూనే ఉండాలి. గ్లెండా మొహం మీద నవ్వు అలాగే ఉండిపోయింది. అది పోనందుకు ఆమెకి సిగ్గేసింది.

చిజుకోకి ఆ భాష రాదు. అయినా కళ్ళద్దాలు తీసి, "మీ ఆయనా?" అని అడిగింది. అవునంది గ్లెండా. చిజుకో నోటుపుస్తకం మూసి, అందులో లేని వాక్యాలు చెప్పింది. "మా ఆయన పోయినప్పుడు నేను ఒంటరిదాన్నైపోతానని అందరికీ ష్యూర్. నన్ను ఎవరూ అడగలేదు." కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది. "తప్పులున్నాయా, టీచర్?"

"లేవు. ఒక్కటీ లేదు."

పాఠం ముగించి గ్లెండా వంటింట్లోకి వెళ్ళి, ఎప్పటిలాగే అతని గ్లాసులో నీళ్ళు పోసింది. "సాయంత్రం అక్క పిల్లలొస్తారు, చూస్తావుగా?" అన్నాడు. ఆమె ష్యూర్ అనలేదు. అనకపోవడం అతనికి వినబడలేదు. చెయ్యి కడుక్కుని బండి తీసుకుని వెళ్ళిపోయాడు.

జాబితా ఏటా కొత్తగా వేస్తారు. ముప్పై తొమ్మిదేళ్ళ మనిషి మళ్ళీ అన్ని కాగితాలతో అడుగు నుంచి మొదలుపెట్టాలి. గ్లెండా అంట్లు తోమకుండా వదిలేసి ఖాళీ దరఖాస్తు ముందు కూర్చుంది. పేరు, పుట్టిన తేదీ, చదువు గబగబా నింపేసింది. ఫోన్ నంబరు గడి దగ్గర చెయ్యి అలవాటుగా రొనీలో నంబరు మొదలుపెట్టింది. మూడు అంకెలు పడ్డాక ఆగి, కొట్టేసింది.

తన నంబరు రాయాలనుకుంది. ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. ఇన్నేళ్ళలో ఆ నంబరు ఎవరికీ ఇచ్చింది లేదు. లేచి, ఫోన్ తెచ్చి, అందులో వెతికి, చూసి గడిలో రాసింది.